పేరు రాసిన పుస్తకం, పెళుసెక్కిన కాగితం

పాత చందమామో, ఇంద్రజాల్ కామిక్సో, అమర చిత్ర కథో అమ్మేవాళ్ళు మా గోదావరి జిల్లాల్లో అందరికంటే ముందు చెప్పే మాట ఒకటుంది. "అట్ట మీద పిల్లాడెవడో పేరు రాసేశాడండి, అదొక్కటే. మిగతాదంతా బాగానే ఉందండి." కొనేవాడు కూడా ఆ పేరు పట్టుకునే బేరం మొదలెడతాడు. పేరుకి ఇంత, లోపల రబ్బరు స్టాంపుకి ఇంత అని తగ్గించుకుంటూ పోతాడు. ఈలోగా పుస్తకం వెన్ను దగ్గర్నుంచి సన్నటి గోధుమరంగు కాగితం పలుకులు బల్ల మీద రాలుతుంటాయి. అమ్మేవాడు వాటిని అరచేత్తో పక్కకు తుడిచేస్తాడు. కొనేవాడు చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

తగ్గించాల్సింది ఆ పలుకులకి. పేరు రాయడమనేది ఏనాడో జరిగి ఆగిపోయిన సంగతి. 1968లో రాసిన పేరు వల్ల పుస్తకానికి జరగాల్సిన నష్టం చాలావరకు ఆ రోజే జరిగిపోయింది. కాగితం సంగతి అలా కాదు. ఎవరూ ముట్టుకోకపోయినా, బీరువాలో తాళం వేసి ఉన్నా, అది లోపల్లోపల మారుతూనే ఉంటుంది. పాత పుస్తకం స్థితిని చూసి అంకె వేసే గ్రేడింగువాళ్ళు ఈ రెంటినీ రెండు ఖాతాల్లో రాసుకుంటారు. మనం ఒకే ఖాతాలో కలిపేసి, అందులోనూ చిన్నదాన్ని పెద్దది చేసి చూస్తున్నాం.

చందమామ కామిక్ ఎలా అవుతుంది, అది కథల పత్రిక కదా అని అడిగేవాళ్ళుంటారు. నిజమే. 1947 జూలైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామకీ, 1964లో టైమ్స్ ఆఫ్ ఇండియా వాళ్ళు ముసుగు వీరుడు ఫాంటమ్‌తో మొదలుపెట్టిన ఇంద్రజాల్ కామిక్స్‌కీ, 1967లో అనంత్ పాయ్ తెచ్చిన అమర చిత్ర కథకీ లోపలి సరుకులో పోలిక లేదు. కానీ సన్న కాగితం, రెండు పిన్నులు, రంగుల అట్ట, పిల్లల చేతులు అన్నింటికీ ఉమ్మడి. పాతబడే తీరు కూడా ఉమ్మడే. అందుకని ఇక్కడ ఒకే గాటన కట్టేస్తున్నాను.

ముందు ఆ అంకెల గొడవ కాస్త తేల్చుకుందాం. అమెరికాలో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ 1970లో పాత కామిక్స్ ధరల గైడు వేశాడు. ఏ స్థితిలో ఉన్న పుస్తకాన్ని ఏమని పిలవాలన్న మాటలు ఆ గైడు చుట్టూనే స్థిరపడ్డాయి. 2000లో సీజీసీ అనే సంస్థ వచ్చి, పుస్తకాన్ని పరీక్షించి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి, పైన అంకె రాసి ఇవ్వడం మొదలెట్టింది. 0.5 నుంచి 10.0 దాకా మొత్తం 25 మెట్లు. 9.4 అంటే దాదాపు కొత్తది, 6.0 అంటే చదివినా బాగా చూసుకున్నది, 2.0 అంటే బాగా నలిగినా పేజీలన్నీ ఉన్నది. ఇదంతా చాలామందికి తెలుసు. ఆ లేబుల్ మీద అంకెతో పాటు విడిగా ఇంకో మాట ఉంటుందని మాత్రం ఎక్కువమంది గమనించరు. అది లోపలి పేజీల రంగు. తెలుపు, తెలుపుకు దగ్గర, మీగడ రంగు, లేత గోధుమ, ఆ తర్వాత కొద్దిగా పెళుసు, చివరికి పెళుసు. అంటే అంకె ఒకటి, కాగితం ఒకటి. రెండు పుస్తకాలకీ 6.0 అనే ఉండొచ్చు, ఒకటి తెల్లగా ఉండొచ్చు, ఇంకొకటి గోధుమ రంగుకి తిరిగి ఉండొచ్చు. మొదటిదానికే ఎక్కువ ధర పలుకుతుంది. ఇక పెళుసెక్కిందంటే అంకె కూడా నిలవదు. అట్ట ఎంత మెరుస్తున్నా సరే, కింది మెట్లకి జారిపోవాల్సిందే.

ఇప్పుడు గీతల సంగతి. అట్ట మీద రాతలన్నీ ఒకటే పాపం కాదు. అమెరికాలో కామిక్స్ మందుల షాపుల్లోనూ, పత్రికల స్టాండ్లలోనూ అమ్మేవారు. కట్ట వచ్చిన రోజు తేదీని అట్ట మూలన పెన్సిల్‌తో రాసేవారు, లేదా చిన్న స్టాంపు కొట్టేవారు. అమ్ముడుపోనివి ఏ నెలవో గుర్తుపట్టి వెనక్కి పంపడానికి ఆ ఏర్పాటు. అదే పనికోసం కొందరు పంపిణీదారులు కట్ట పైఅంచున రంగు చల్లేవారు. ఇలాంటి వ్యాపారపు గుర్తు చిన్నదిగా, అడ్డం రాని చోట ఉంటే 9.4 పుస్తకానికైనా ఓవర్‌స్ట్రీట్ ప్రమాణాలు పెద్దగా అభ్యంతరం చెప్పవు. పుస్తకం పుట్టి బజారుకి వచ్చిన తీరులో అది భాగం అనుకుంటారు.

కొన్ని గుర్తులైతే ధర పెంచుతాయి కూడా. కొలరాడోకి చెందిన ఎడ్గర్ చర్చ్ అనే చిత్రకారుడి ఇంట్లో పోగైన కామిక్స్‌ని 1977లో చక్ రొజాన్‌స్కీ అనే కామిక్స్ వ్యాపారి కొన్నాడు. మైల్ హై కలెక్షన్ అని పేరుపడ్డ ఆ పుస్తకాల్లో చాలావాటి అట్టల మీద పెన్సిల్ కోడ్‌లుంటాయి. ఇప్పుడు ఆ కోడే పుస్తకం ఆ ఇంటి నుంచి వచ్చిందనడానికి సాక్ష్యం. అలాగే లార్సన్ కలెక్షన్ అని ఇంకొకటి. లామోంట్ లార్సన్ అనే పిల్లాడి కోసం షాపువాళ్ళు పక్కన తీసిపెట్టి అట్ట మీద పెన్సిల్‌తో 'లార్సన్' అని రాసేవారు. ఆ పేరుంటేనే ఇవాళ కొనేవాళ్ళు ఎగబడతారు. మన దగ్గర బేరం తగ్గించే పేరు, అక్కడ బేరం పెంచింది. అయితే ఎడ్గర్ చర్చ్ పుస్తకాలకి అంత గిరాకీ ఉన్నది పెన్సిల్ కోడ్ చూసి కాదు. పొడి వాతావరణంలో, చల్లగా, గట్టిగా దొంతర పెట్టి ఉంచడం వల్ల 1940ల నాటి న్యూస్‌ప్రింటు ఇంకా తెల్లగా ఉంది. గుర్తు ఊరికే చిరునామా చెబుతుంది, విలువ కాగితానిది.

మన డెల్టాలో గుర్తులు ఇంకో రకం. అద్దె లైబ్రరీ ఊదారంగు రబ్బరు స్టాంపు అట్ట మీద ఒకటి, మొదటి పేజీ మీద ఒకటి, దొంగలకి తెలియకుండా లోపల ఏదో ఒక రహస్య పేజీ మీద ఇంకొకటి. పిల్లాడి పేరు, తరగతి, సెక్షను, స్కూలు. చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ మీద పెన్సిల్‌తో రాసి కొట్టేసి మళ్ళీ రాసిన వ్యాఖ్యలు. పాత పుస్తకాల షాపువాడు మొదటి పేజీ మూలన రాసిన ధర. దసరాల్లో సరస్వతీ పూజకి పీట మీద పెట్టినప్పుడు అట్టకి అద్దిన పసుపు బొట్టు. ఇవేవీ ఏ విదేశీ గైడులోనూ విడిగా కనబడవు, కానీ సూత్రం అదే. గ్రేడరు అడిగే ప్రశ్నలు నాలుగైదు: ఎక్కడుంది, ఎంత పెద్దది, బొమ్మకి అడ్డమొచ్చిందా, కాగితం మీద నొక్కు పడిందా, వెనక్కి ఊరిందా.

చివరి రెండు ప్రశ్నలకి జవాబు సిరాలో ఉంటుంది. పెన్సిల్ గీత గ్రాఫైట్. కాగితంతో దానికి ఏ రసాయన గొడవా లేదు, చెమ్మకి పాకదు. బాల్‌పెన్ను సిరా నూనె జాతి. పైగా రాసేటప్పుడు పడ్డ నొక్కు సిరా చెరిగినా పోదు. ట్యూబులైటు కింద అట్టని వంచి పక్క నుంచి చూడండి, ముందు అట్ట మీద రాసిన పేరు లోపలివైపు ఉబ్బెత్తుగా కనబడుతుంది. పాత బ్లూబ్లాక్ సిరాల్లో చాలావాటిలో ఇనుము ఉండేది, ఆమ్లమూ ఉండేది. అలాంటి సిరా రాసిన గీత వెంబడే కాగితాన్ని తినేస్తుంది. రబ్బరు స్టాంపు ఊదా సిరా మన వాతావరణంలో మరీ ప్రమాదం, ముసురు పట్టినప్పుడల్లా కాస్త కాస్త పాకి వెనక పేజీలోకి దిగుతుంది. గీత ఆగిపోయిన సంగతి అన్నాను కదా, ఈ రెండు సిరాలూ దానికి మినహాయింపు. ఇక పసుపు బొట్టు రంగు వెలుతురుకి వెలిసిపోతుంది. కానీ తడిపి పెట్టిన చోట అట్ట కొద్దిగా ముడుచుకుని మెరుపు పోతుంది చూశారూ, అది వెలిసేది కాదు. గ్రేడు తగ్గేది దానికే.

రాతల వల్ల లాభం కలిగే సందర్భం మన దగ్గరా ఉంది. అమర చిత్ర కథలు మళ్ళీ మళ్ళీ అచ్చయ్యాయి. ఏ ముద్రణ ఎప్పటిదో పుస్తకం చూసి తేల్చడం చాలాసార్లు కష్టం. వెల, వెనక అట్ట ప్రకటన చూసి ఊహించుకోవాలి. అలాంటి ప్రతి లోపల ఎవరో తండ్రి "చి॥కి పుట్టినరోజు కానుక" అని రాసి కింద 1973 నాటి తేదీ వేశాడనుకోండి, ఆ ప్రతి ఆ తేదీకి ముందే అచ్చయిందని రుజువు దొరికినట్టే. సిరా వయసు, చేతిరాత నమ్మేలా ఉండాలి, అది వేరే సంగతి. నేనైతే తేదీ ఉన్న రాతకి రూపాయి తగ్గించమని అడగను.

సంతకాలది ఇంకో తిరకాసు. బొమ్మ గీసిన కళాకారుడే అట్ట మీద సంతకం పెట్టినా, సీజీసీ మనిషి ఎదురుగా చూస్తుండగా పెట్టకపోతే సంతకాలకి వాళ్ళిచ్చే పసుపు లేబుల్ మామూలుగా రాదు. అది అట్ట మీద రాత కిందకే వస్తుంది. అంకె తగ్గుతుంది, లేదా ఫలానా లోపం ఉందని విడిగా చెప్పే ఆకుపచ్చ లేబుల్ వేస్తారు. విక్రమ్ బేతాళ బొమ్మల శంకర్ 2020లో పోయారు. ఆయన సంతకం ఉన్న చందమామ ఎవరి దగ్గరైనా ఉంటే దాన్ని ఏ అంకెలోనూ కొలవకపోవడమే మేలని నా అభిప్రాయం.

రాసినదానికంటే కత్తిరించింది ఎప్పుడూ పెద్ద తప్పు. అమెరికాలో మార్వెల్ కంపెనీ వేసిన 1974 నవంబరు నాటి ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181వ సంచికలో లోపల ఒక చిన్న మార్వెల్ స్టాంపు అచ్చువేశారు. పిల్లలు దాన్ని కత్తిరించి విడిగా స్టాంపుల పుస్తకంలో అతికించుకునేవారు. వుల్వరిన్ అనే వీరుడు మొదటిసారి పూర్తిగా కనబడ్డ ఆ సంచికకి ఇప్పుడున్న గిరాకీలో, ఆ స్టాంపు ఉన్నదా లేదా అన్నది వెతికి చూడందే ఎవరూ కొనరు. అట్ట అద్దంలా ఉన్నా, స్టాంపు లేకపోతే ఆకుపచ్చ లేబులో, బాగా తగ్గిన అంకో తప్పదు. ఇంట్లో స్కూలు ప్రాజెక్టుకి బొమ్మ కత్తిరించిన చందమామకీ ఇదే న్యాయం.

అందుకని గీత కనబడగానే చెరపాలన్న ఆత్రం ఆపుకోవాలి. పెన్సిల్ గీతని మెత్తటి రబ్బరుతో జాగ్రత్తగా తీస్తే తప్పు పట్టరు. సిరాని తీయడానికి స్పిరిటు, బ్లీచింగు, సిరా చెరిపే మందు వాడితే మాత్రం అది రసాయన శుభ్రత. సీజీసీ దగ్గర ఊదా లేబుల్, అంటే 'మరమ్మతు చేసినది' అన్న ముద్ర. ఒకసారి ఆ ముద్ర పడితే ధర సగానికి పైగా పడిపోవడం మామూలే. పైగా బ్లీచింగు కాగితం పోగుల్ని బలహీనం చేస్తుంది. ఒక విచిత్రం చెప్పాలి. నల్ల అట్ట వెన్ను దగ్గర రంగు ఊడి తెల్లగా కనబడితే, కొందరు పిల్లలు నల్ల స్కెచ్ పెన్నుతో పూడ్చేవారు. ముచ్చటపడి చేసిన పనే. గ్రేడింగు భాషలో అది రంగు దిద్దుబాటు. తొమ్మిదేళ్ళ పిల్లాడూ దొంగ మరమ్మతుదారుడూ ఒకే లేబుల్ కిందకి వచ్చే ప్రమాదముంది. అట్టని లోపలివైపు నుంచి వెలుతురుకి పట్టి చూస్తే పెన్ను సిరా ఊరిన మచ్చలు తెలిసిపోతాయి.

ఇక అసలు సంగతి, కాగితం. సరుగుడు లారీలు రాజమండ్రి పేపరు మిల్లు వైపు పోవడం చూసినవాళ్ళకి కాగితం కలప నుంచి వస్తుందని చెప్పక్కర్లేదు. కలపలో సెల్యులోజు పోగులుంటాయి, వాటిని పట్టి ఉంచే లిగ్నిన్ ఉంటుంది. రాసుకునే మంచి కాగితానికి కలపని రసాయనాలతో ఉడికించి లిగ్నిన్‌ని తీసేస్తారు. న్యూస్‌ప్రింటుకి ఆ ఖర్చు పెట్టరు. కలపని యంత్రంలో రుబ్బేసి, లిగ్నిన్‌తో సహా కాగితం చేసేస్తారు. రేపటికి చిత్తయ్యే దినపత్రిక కోసం చేసిన సరుకది. దాని మీద యాభై ఏళ్ళు దాచుకునే బొమ్మల కథలు అచ్చువేశారు. దీనికి తోడు ఆనాటి కాగితాలు చాలావాటిలో సిరా పాకకుండా అల్యూమినియం సల్ఫేట్, రోజిన్ అనే చెట్టు బంక కలిపేవారు. ఆ సల్ఫేట్ చెమ్మ తగిలితే ఆమ్లాన్ని పుట్టిస్తుంది.

ఇక్కడ రెండు వేర్వేరు పనులు జరుగుతాయి, వాటిని కలిపేయకూడదు. ఒకటి రంగు మారడం. వెలుతురు, గాలి తగిలి లిగ్నిన్ పసుపుకీ, గోధుమకీ తిరుగుతుంది. అందుకే మధ్య పేజీ ఇంకా మీగడ రంగులో ఉండగా అంచులు చుట్టూ గోధుమ పట్టీ కట్టినట్టుంటాయి. రెండోది బలం పోవడం. ఆమ్లం సెల్యులోజు అణువుల పొడుగాటి గొలుసుల్ని ఎక్కడికక్కడ తెంపుతుంది, తెగిన చోట మళ్ళీ ఆమ్లాలు పుడతాయి, అవి ఇంకొన్ని తెంపుతాయి. దీనికి వెలుతురు అక్కర్లేదు. చీకటి ట్రంకుపెట్టెలో కూడా నడుస్తుంది. కావలసింది వేడీ, చెమ్మా. రెండూ మా దగ్గర పుష్కలం. మే నెలలో పెంకుటింటి అటక మీద 40 డిగ్రీలు దాటిన వేడి, జూలై నుంచి నవంబరు దాకా గోడలు కూడా చెమర్చే ముసురు. ఏడాదిలో సగం వేయించి, సగం నానబెట్టినట్టే.

రంగు ఎక్కువ మారినంత మాత్రాన బలం అంతే పోయిందనుకోకూడదు. బాగా గోధుమరంగు తిరిగిన న్యూస్‌ప్రింటు ఇంకా మెత్తగా వంగవచ్చు. లిగ్నిన్ లేని తెల్ల కాగితం, అందులో ఆమ్లం ఎక్కువైతే, తెల్లగా ఉంటూనే పుటుక్కున విరగవచ్చు. పూర్వం లైబ్రరీల్లో పేజీ మూలని ముందుకీ వెనక్కీ మడిచి ఎన్నిసార్లకి విరుగుతుందో లెక్కపెట్టేవారు. మీ పుస్తకం మీద ఆ ప్రయోగం చేయకండి. పేజీని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఊరికే కొద్దిగా ఊపి చూడండి. బతికున్న కాగితం బట్ట జాడించినట్టు మెత్తగా చప్పుడు చేస్తుంది. పోయిన కాగితం గరగరమంటుంది, ఇంకాస్త వంచితే అప్పడంలా విరుగుతుంది. వాసన కూడా కొంత చెబుతుంది. పాత పుస్తకాల తీపి వాసనలో వెనిలిన్ ఉంటుంది, అది లిగ్నిన్ విరిగితే వచ్చేదే. అందరూ మురిసిపోయే ఆ వాసన కాగితం కరుగుతున్న వాసన. ముక్కిన వాసన వేరు, అది బూజు.

పిన్నుల దగ్గర ఇంకో కథ. ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో, అంతర్వేది వైపైనా, ఉప్పాడ వైపైనా, పిన్ను తుప్పు పట్టకుండా ఉండదు. తుప్పు మచ్చ అట్ట మీద కనబడ్డంత మేర అంకె తగ్గుతుంది. కంటికి కనబడనిది ఇంకా ఎక్కువ. ఇనుము సెల్యులోజు చెడడాన్ని తొందరపెడుతుంది, కాబట్టి పిన్ను చుట్టూ ఉన్న కాగితం మిగతా పేజీ కంటే ముందు చచ్చిపోతుంది. మధ్య పేజీలు ఊడి చేతికి వచ్చేది అందుకే.

వరద గురించి చెప్పకపోతే డెల్టా పుస్తకాల మాట పూర్తి కాదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను ఎన్నో ఇళ్ళ పెట్టెల్ని తడిపేశాయి. అలా తడిసి ఆరిన పుస్తకం మీద వంకర టింకర గోధుమ గీత ఉంటుంది. నీళ్ళు ఎంతవరకు పాకాయో అక్కడ. దాన్ని మురికి అనుకుంటారు, తెల్లని గుడ్డతో తుడుస్తారు, పోదు. కాగితంలో అప్పటికే కరిగి ఉన్న ఆమ్లాలు, గోధుమరంగు పదార్థాలు నీటితో కొట్టుకొచ్చి, తడికీ పొడికీ మధ్య సరిహద్దులో పేరుకున్నాయి. అందువల్ల ఆ గీత ఉన్న చోటే కాగితం అన్నిటికంటే బలహీనం. చాలామార్లు విరిగేదీ అక్కడే. మెరుపు కాగితం మీద వేసిన రంగుల పేజీలైతే తడిసి ఆరేటప్పుడు ఒకదానికొకటి అంటుకుని ముద్ద కడతాయి. వెన్ను మడతలో ఎర్రటి సన్న ఒండ్రు దొరికితే అది గోదావరి నీళ్ళు. ఒండ్రు లేకుండా గీత మాత్రమే ఉంటే ఇంటి కప్పు కారి ఉండొచ్చు. గ్రేడుకి ఈ తేడా అక్కర్లేదు. కానీ వరదలో మునిగిన పెట్టెలోని మిగతా పుస్తకాలు కూడా కొంటున్నప్పుడు నాకు అది తెలియాలి.

ఇప్పటిదాకా చెప్పిన రెండు ఖాతాలూ ఎదురెదురుగా నిలబడే సరుకు ఒకటుంది, మన ఇళ్ళలోనే. బైండు చేసిన సంపుటాలు. ఏడాది చందమామలు పన్నెండూ కుట్టించి, క్యాలికో అట్ట వేయించి దాచుకోవడం భీమవరంలోనైనా అమలాపురంలోనైనా చదువుకున్న ఇళ్ళలో అలవాటుగా ఉండేది. బైండరు ముందు పిన్నులు పీకేస్తాడు, వెన్నులో సూది దించుతాడు, మూడు వైపులా కత్తెర మిషను మీద అంచులు కోసేస్తాడు, చాలాసార్లు లోపలి నెలల అట్టలు కూడా చింపేస్తాడు. అంచు కోసిందంటే ఏ గ్రేడరూ క్షమించడు. ఆ ప్రతి ఎప్పటికీ పై మెట్లు ఎక్కదు. కానీ ఆ సంపుటం మధ్యలో తెరిచి చూడండి. గాలీ వెలుతురూ చొరబడకుండా గట్టిగా నొక్కి ఉంచినందువల్ల, విడిగా దొరికే అదే నెల సంచిక కంటే కాగితం రెండు ఛాయలు తెల్లగా ఉంటుంది. అంకె చూస్తే అట్టడుగు, పేజీ చూస్తే అగ్రస్థానం. చదవడానికీ, బొమ్మలు స్కాన్ చేయడానికీ కొనేవాడికి ఇంతకంటే మంచి సరుకు లేదు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. బైండర్లు మైదా గంజిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. మైలుతుత్తంలో రాగి ఉంటుంది, ఇనుములాగే రాగి కూడా సెల్యులోజుకి చేటు. మొదటి పేజీ, చివరి పేజీ గంజి అంటిన కీలు వెంబడి ముదురు గోధుమ రంగులో విరగడం చూస్తే కారణం అదని అనుమానించవచ్చు. మైలుతుత్తం తక్కువైతే రామబాణం పురుగుల బెడద, ఎక్కువైతే రాగి చేటు.

నా ముందున్న ఒక ఇంద్రజాల్ ఫాంటమ్ ప్రతిని ఈ లెక్కలో చూద్దాం. అట్ట పై కుడిమూల నీలం సిరాతో ఇనీషియల్సు, పక్కన తరగతి సెక్షను. వెన్ను మీద ఏడెనిమిది చిన్న మడత గీతలు, రంగు కొద్దిగా ఊడింది. కింద పిన్ను చుట్టూ గోరంత తుప్పు. లోపల మొదటి పేజీ మీద అద్దె లైబ్రరీ స్టాంపు, ఊదారంగు వెనక్కి దిగి రెండో పేజీలో ఫాంటమ్ మాస్కు మీద మచ్చయింది. గీతలూ స్టాంపూ లేకపోతే అట్టని చూసి 4.5 అనేవాణ్ణి. ఇనీషియల్సు బొమ్మకి దూరంగా ఉన్నాయి కాబట్టి వాటికి పెద్దగా తగ్గించను. స్టాంపు బొమ్మలోకి దిగింది కాబట్టి దానికి తగ్గించాలి, 4.0 అందాం. ఇక పేజీలు. అంచులు గోధుమ, మధ్య మీగడ, ఊపితే మెత్తగానే ఉంది, పలుకులు రాలడం లేదు. అందువల్ల ఆ 4.0 నిలబడుతుంది. ఇదే అట్ట కింద గరగరలాడే పేజీలుంటే నా నోటి వెంట 1.5 కంటే పైమాట రాదు, ఆ ఇనీషియల్సు ఉన్నా లేకపోయినా.

మన పుస్తకాల్లో ఎక్కువభాగం ఫ్లారిడాలోని సీజీసీ ఆఫీసు దాకా పోయి పెట్టెలో సీలు వేయించుకునేవి కావు. రానూపోనూ ఖర్చులే పుస్తకం వెలని మించిపోతాయి. కానీ వాళ్ళ లేబుల్ తీరు అరువు తెచ్చుకోవడానికి ఖర్చేం లేదు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో కొన్నా, రాజమండ్రిలో ఎవరింట్లోనో కొన్నా, "బాగుందా, బాగోలేదా" అని ఒకే ప్రశ్న అడగడం మానేసి మూడు అడగాలి: అట్ట ఎలా ఉంది, కాగితం ఏ రంగు, వంగుతుందా విరుగుతుందా. రాతలు ఆ తర్వాత. ఫోనులో ఫోటోలు పంపే అమ్మకాల్లో మధ్య పేజీ ఫోటో ఒకటి, అంచుల ఫోటో ఒకటి తప్పకుండా అడగండి. అందరూ అట్ట ఫోటోనే పంపుతారు, అదీ పేరు రాసిన మూల బొటనవేలితో మూసి.

దాచుకోవడం సంగతి క్లుప్తంగా. అటక వద్దు. బయటి గోడని ఆనించి పెట్టిన బీరువా వద్దు, గోడ చెమ్మ లాగుతుంది. పుస్తకానికి న్యూస్‌పేపరుతో అట్ట వేయడం వద్దు, ఒక ఆమ్లానికి ఇంకో ఆమ్లం తోడు. పేజీల మధ్య నెమలీక, రావి ఆకు, పేపరు కటింగు ఉంటే తీసేయండి, వాటి నీడ రెండు పేజీల మీదా గోధుమరంగులో అచ్చుపడుతుంది. లామినేషను చేయించారో, ఆ పుస్తకానికి ఇక గ్రేడు లేదు. బజారు పీవీసీ కవర్లు కొన్నేళ్ళకి జిగటగా మారి అట్ట రంగుని లాగేసుకుంటాయి. పాలియెస్టరు కవరు, వెనక ఆమ్లం లేని అట్టముక్క, డబ్బాలో సిలికా జెల్ సంచులు, వాటిని అప్పుడప్పుడూ వేడి చేసి ఆరబెట్టుకోవడం. డిసెంబరు, జనవరి పొడి రోజుల్లో ఒకసారి నీడపట్టున గాలి తగలనివ్వాలి. ఎండలో ఆరబెడితే చెమ్మతో పాటు తెలుపూ పోతుంది.

ఆమ్లాన్ని విరిచే స్ప్రేలు ఉన్నాయి. మెగ్నీషియం ఆక్సైడు పొడి సన్నగా పట్టించి, ఉన్న ఆమ్లాన్ని చంపి, రాబోయేదానికి కొంత నిల్వ ఉంచుతాయి. మెత్తగా ఉన్న పుస్తకాన్ని అలాగే ఉంచడానికి అవి పనికొస్తాయి, అమ్మేటప్పుడు చేయించానని చెప్పాలి. తెగిపోయిన గొలుసుల్ని మాత్రం ఏ స్ప్రే అతికించదు. పూర్తిగా పెళుసెక్కిన ప్రతికి మిగిలేది ఫోటోలు తీసి దాచుకోవడమే. అది చేసేటప్పుడు పుస్తకాన్ని బల్ల మీద పూర్తిగా విప్పి పరచకండి. ఒకవైపు ఎత్తు పెట్టి సగమే తెరిచి, ఒక్కో పేజీ విడిగా పైనుంచి తీయండి. వెన్ను మడతలో అక్షరాలు అందడం లేదని పిన్నులు ఊడదీయాలనిపిస్తుంది. తీయకండి, తుప్పు పిన్నుతో పాటు దాని చుట్టూ ఉన్న కాగితం కూడా ఊడి వచ్చేస్తుంది.